గేమ్ ఆగి ఆగి నడుస్తోందా? ర్యామ్ కొనే ముందు ఒక అరగంట ఇలా చూడండి

మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, ల్యాప్‌టాప్‌కి పదహారు జీబీ ర్యామ్ ఆర్డర్ పెట్టేస్తున్నా. ఏ కంపెనీది తీసుకోమంటావ్?" అన్నాడు. ఎందుకురా అంటే గేమ్ ల్యాగ్ అవుతోందట. మొదలుపెట్టిన దగ్గర్నుంచీనా, అరగంట ఆడాకా? ఠక్కున ఆగి మళ్లీ నడుస్తోందా, లేక మొత్తంగానే ఈడ్చుకుంటూ నడుస్తోందా? వాడు కాసేపు ఆలోచించి, "ల్యాగ్ అంటే ల్యాగే కదా మామయ్యా" అన్నాడు.

కాదు. చాలామంది డబ్బు ఇక్కడే పోగొట్టుకుంటారు. ల్యాగ్ అనే ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులున్నాయి. వాటిలో ర్యామ్‌తో నయమయ్యేవి రెండే. ఒకటి, గేమ్‌కి చోటు చాలకపోవడం. రెండోది, డేటా వచ్చే దారి ఇరుకుగా ఉండటం. చోటు గురించి అందరికీ తెలుసు. దారి గురించి తెలిసినవాళ్లు తక్కువ, నిజానికి ఎక్కువ ఫలితం కనిపించేది అక్కడే.

చోటు చాలకపోతే ఏమవుతుంది

గేమ్ నడుస్తున్నప్పుడు దాని మ్యాపులు, బొమ్మలు, శబ్దాలు అన్నీ డిస్క్ నుంచి ర్యామ్‌లోకి వచ్చి కూర్చుంటాయి. అన్నీ పట్టినంతసేపు ర్యామ్ ఎంత ఉందన్నది గేమ్‌కి అక్కర్లేదు. 10 జీబీ సరిపోయే గేమ్‌కి 16 ఉన్నా ఒకటే, 64 ఉన్నా ఒకటే. పట్టనప్పుడే గొడవ. విండోస్ కాసేపటిగా వాడనివాటిని ఎత్తి డిస్క్ మీదున్న పేజ్ ఫైల్‌లో పడేస్తుంది. గేమ్ వాటిని అడగ్గానే మళ్లీ పరిగెత్తుకెళ్లి తెస్తుంది.

ఆ రాకపోకలే ప్రాణం తీస్తాయి. ర్యామ్ నుంచి ఒక ముక్క తేవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్క్ నుంచి తేవాలంటే దానికి వందల రెట్లు. పాత హార్డ్ డిస్క్ అయితే దాదాపు 10 మిల్లీసెకన్లు. సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు రావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కి ఉన్న గడువు 16.7 మిల్లీసెకన్లు. హార్డ్ డిస్క్ దాకా రెండుసార్లు వెళ్లొస్తే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. అందుకే చోటు చాలని ల్యాప్‌టాప్‌లో సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) బాగానే కనిపిస్తుంది, కానీ కొత్త వీధిలోకి తిరిగినప్పుడో, శత్రువులు ఒక్కసారిగా మీద పడినప్పుడో తెర బిగుసుకుపోతుంది. గేమర్లు స్టటర్ అనేది దీన్నే. గేమ్ వేగం కొలిచే బెంచ్‌మార్క్ వీడియోల్లో "1 శాతం లో" అని, అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేములకు వేరే అంకె చూపిస్తారు కదా, అది ఈ నత్తిని పట్టుకోవడానికే.

నత్తి లేకుండా, మొదటి నుంచి చివరి దాకా ఒకేలా 28 ఫ్రేముల మీద నడుస్తుంటే మాత్రం అది చోటు సమస్య కాదు. గ్రాఫిక్స్ చిప్‌కో ప్రాసెసర్‌కో ఓపిక అంతే ఉందని అర్థం. ఆన్‌లైన్ గేమ్‌లో మీరు కాల్చిన తూటా అర సెకను తర్వాత తగులుతుంటే అది నెట్ సంగతి. దానికి ర్యామ్ కొనడమంటే పన్ను నొప్పికి మోకాలికి మందు రాసుకోవడమే.

ముందు కొలవండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాంట్లో మెమరీ. దాన్ని అలా తెరిచి ఉంచి, మీరు మామూలుగా ఎలా ఆడతారో అలాగే ఆడండి. బ్రౌజర్ తెరిచి ఆడే అలవాటుంటే తెరిచే ఆడండి, పరీక్ష కోసం మంచిపిల్లాడిలా అన్నీ మూసేయొద్దు. గేమ్‌లో బాగా బరువైన చోట అరగంట తిరిగి, ఆల్ట్ ట్యాబ్ కొట్టి వచ్చి అంకెలు చూడండి.

"ఇన్ యూజ్" అన్నది మొత్తంలో తొంభై శాతం దాటి ఉందా? దాని కింద "కమిటెడ్" అని రెండు అంకెలుంటాయి. మొదటిది మీ ర్యామ్ కంటే బాగా పెద్దదిగా ఉందా? నత్తి వచ్చిన ప్రతిసారీ డిస్క్ గ్రాఫ్ కూడా ఎగిరిపడుతోందా? మూడూ కలిస్తే మీకు చోటు చాలట్లేదు, ఇక అనుమానం అక్కర్లేదు. కమిటెడ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు, అందులో ప్రోగ్రాములు అడిగి వాడకుండా పక్కన పెట్టుకున్నది కూడా కలుస్తుంది. అలాగే "క్యాష్డ్" అంకె పెద్దగా ఉందని కంగారు పడొద్దు. ఖాళీ ర్యామ్‌ని విండోస్ అలా వాడుకుంటుంది, ఎవరైనా అడిగితే వెంటనే ఇచ్చేస్తుంది. దాన్ని ఊడ్చేస్తామనే "ర్యామ్ క్లీనర్" ప్రోగ్రాములు మేలు చేయకపోగా, గేమ్‌కి కావాల్సినదాన్ని కూడా ఊడ్చి మళ్లీ డిస్క్ నుంచి తెప్పిస్తాయి.

అక్కడే జీపీయూ, అంటే గ్రాఫిక్స్ చిప్ పేజీ కూడా చూడండి. వాడకం 95 శాతం పైన నిలబడి ఉంటే గ్రాఫిక్స్ చిప్ శక్తికొద్దీ పనిచేస్తోందని అర్థం. ఇక అంతకు మించి ఫ్రేములు కావాలంటే సెట్టింగ్స్ తగ్గించాలి, ర్యామ్‌తో పనికాదు. "డెడికేటెడ్ జీపీయూ మెమరీ" నిండిపోయి ఉంటే అది ఇంకో జబ్బు. జీటీఎక్స్ 1650 లాంటి 4 జీబీ కార్డులో అల్ట్రా టెక్స్చర్లు (గోడలు, నేల లాంటి వాటి మీద అతికించే బొమ్మలు) పట్టవు. పట్టనివి పీసీఐ దారి గుండా మామూలు ర్యామ్‌లోకి వచ్చి పడతాయి, అక్కడి నుంచి తెచ్చుకోవడం కార్డుకి చాలా ఆలస్యం. ర్యామ్ పెంచినంత మాత్రాన కార్డు మీది మెమరీ పెరగదు. టెక్స్చర్లు ఒక మెట్టు దించితే పోతుంది, పైసా ఖర్చు లేదు.

ఈ కొలిచే పని నేనూ ఒకప్పుడు చేయలేదు. 16 జీబీ ఉన్న నా పాత ల్యాప్‌టాప్‌లో గేమ్ మొదటి పది నిమిషాలు బాగా నడిచి తర్వాత సగానికి పడిపోయేది. 32 చేసేశాను. వేసిన రోజు సాయంత్రం కూడా సరిగ్గా పది నిమిషాలకే పడిపోయింది. వెనక మూత తీసినప్పుడు కనిపించినది అప్పటికైనా పట్టించుకుని ఉండాల్సింది: ఫ్యాన్ పక్కనున్న రాగి రేకుల మీద దుమ్ము దుప్పటిలా పేరుకుపోయింది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటోంది. ఒక బ్రష్షుతో పోయేదానికి రెండు ర్యామ్ స్టిక్కులు కొన్నాను. కాసేపు ఆడాక మందగిస్తే ముందు వేడిని అనుమానించండి. ఛార్జర్ పెట్టకుండా బ్యాటరీ మీద ఆడుతున్నా ఇలాగే ఉంటుంది.

దారి ఇరుకు: ర్యామ్ రెట్టింపైనా గేమ్ నెమ్మదించిన కథ

మా చెల్లెలి ల్యాప్‌టాప్‌లో వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లోనే ఉన్న రేడియాన్ వేగా చిప్. అందులో 4 జీబీవి రెండు స్టిక్కులుండేవి. 8 చాలట్లేదని రిపేర్ చేసే ఒకాయనకి ఇస్తే, ఆ రెండూ తీసేసి ఒకే ఒక్క 16 జీబీ స్టిక్ వేసి ఇచ్చాడు. బ్రౌజర్ హాయిగా నడిచింది. గేమ్ మాత్రం 40 చిల్లర ఫ్రేముల నుంచి 30కి పడిపోయింది. "ర్యామ్ డబుల్ చేయించాక తగ్గిందేంటన్నయ్యా, మోసం చేశాడా?" అంది. మోసం కాదు. అతనికి ఛానల్ సంగతి పట్టలేదు, అంతే.

ఒక్కో స్టిక్‌కి ప్రాసెసర్‌తో ఒక దారి ఉంటుంది. డీడీఆర్4 (ర్యామ్ తరం పేరు) 3200 వేగం స్టిక్ అయితే ఆ దారిలో సెకనుకు 25.6 జీబీ డేటా వెళ్లగలదు. రెండు స్లాట్లలో రెండు స్టిక్కులుంటే రెండు దారులూ కలిసి 51.2 జీబీ. డ్యూయల్ ఛానల్ అంటే ఇదే. వేరే కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ, సొంత దారి ఉంటాయి. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డులో ఆ దారి సెకనుకు 256 జీబీ. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కి ఆ భాగ్యం లేదు. మామూలు ర్యామ్‌లోంచే చోటు తీసుకోవాలి, ప్రాసెసర్ నడిచే దారిలోనే నడవాలి. ఉన్న ఒక్క సందులో ఇద్దరూ ఎదురుపడితే ఏమవుతుందో మా చెల్లెలి గేమ్‌లో కనిపించింది. తర్వాత 16 పక్కన ఇంకో 16 చేర్చాం. ఫ్రేములు వెనక్కి వచ్చాయి.

కాబట్టి ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్, అంటే వేగా, రేడియాన్ 680ఎం, 780ఎం, ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ లాంటి వాటితో ఆడేవాళ్లకి, లోపల ఒకే స్టిక్ ఉంటే, రెండో స్టిక్‌ని మించిన పెట్టుబడి లేదు. నత్తి పోవడమే కాదు, సగటు ఎఫ్‌పీఎస్ కూడా కళ్లకు కనిపించేంత పెరుగుతుంది. ఐరిస్ ఎక్స్‌ఈ ఉందని చెప్పి అమ్మిన ల్యాప్‌టాప్‌లో డివైస్ మేనేజర్ తెరిస్తే "ఇంటెల్ యూహెచ్‌డీ గ్రాఫిక్స్" అని కనిపిస్తోందా? చిప్ మారలేదు. ఒకే ఛానల్ ఉంటే ఇంటెల్ డ్రైవర్ దానికి ఐరిస్ పేరు ఇవ్వదు. రెండో స్టిక్ వేశాక పేరు మారడం చూస్తే భలే సరదాగా ఉంటుంది.

ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో 8 జీబీ అన్నది కూడా పేరుకే. గ్రాఫిక్స్ తన వాటా ముందే పక్కన పెట్టుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో "హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్" అని కనిపించేదాంట్లో ఎక్కువ భాగం అదే. 2 జీబీ అలా పోతే గేమ్‌కీ విండోస్‌కీ కలిపి మిగిలేది ఆరే.

వేరే గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్‌లో రెండో స్టిక్ వల్ల ఇంత మార్పు ఉండదు. అయినా సున్నా కాదు. సెట్టింగ్స్ తగ్గించి 144 ఫ్రేములకు పరిగెత్తించే షూటింగ్ గేమ్‌లలో భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. అక్కడ రెండు దారులున్న తేడా బాగానే తెలుస్తుంది. అల్ట్రా సెట్టింగ్స్‌లో కార్డు రొప్పుతూ నడుస్తున్న గేమ్‌లో పెద్దగా తెలియదు.

ఇప్పుడు ఏది ఎంచుకోవాలి

8 జీబీ ఒకే స్టిక్‌గా ఉండి, పక్క స్లాట్ ఖాళీగా ఉంటే ఆలోచించాల్సిన పనే లేదు. ఇంకో 8 వేయండి. చోటూ పెరుగుతుంది, దారీ పెరుగుతుంది. కొత్త గేమ్‌లు అడుగుతున్నదీ అదే: స్టార్‌ఫీల్డ్, హాగ్వర్ట్స్ లెగసీ కనీస అర్హతే 16 జీబీ. సైబర్‌పంక్ 2077 కనీసం 12, సిఫారసు 16 అంటుంది. కౌంటర్ స్ట్రైక్ 2కి 8 అని రాసి ఉంటుంది కానీ, బ్రౌజర్, చాట్ కూడా తెరిచి పెట్టుకుంటే ఆ 8 బొటాబొటీగానే సరిపోతుంది.

8 పక్కన 16 వేసి 24 చేద్దామా అని అడుగుతుంటారు. నడుస్తుంది. రెండు స్టిక్కుల్లో సమానంగా ఉన్న భాగం డ్యూయల్ ఛానల్‌లో, పెద్ద స్టిక్‌లో మిగిలింది ఒంటి దారిలో నడుస్తుంది. వేరే కార్డున్నవాళ్లు నిశ్చింతగా చేసుకోవచ్చు. ఇంటిగ్రేటెడ్ వాళ్లకి నేను సమాన జతే చెబుతాను. ఒకే 16 స్టిక్ వేసి రెండో స్లాట్‌ని "తర్వాత చూద్దాం" అని వదిలేయడం మాత్రం వద్దు, ఆ తర్వాత అన్నది సాధారణంగా రాదు.

ఇప్పటికే రెండు స్టిక్కుల్లో 16 ఉంటే, 32కి పోవడం గేమింగ్ కోసమే అయితే చాలామందికి దండగ. నేను చేసిన తప్పు అదే. మినహాయింపులున్నాయి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 సిఫారసే 32 జీబీ. మోడ్‌లు (గేమ్‌కి ఆటగాళ్లు చేసిన మార్పులు) గుట్టలుగా వేసుకునేవాళ్లు, ఆడుతూ స్ట్రీమ్ చేసేవాళ్లు, పక్కన వీడియో ఎడిటింగ్ కూడా ఉన్నవాళ్లు పైన చెప్పిన కొలత తీసుకుని, నిండుతుంటే వేసుకోవచ్చు.

ఇంకా హార్డ్ డిస్క్ మీదే విండోస్, గేమ్ నడుస్తున్న పాత ల్యాప్‌టాప్ అయితే లెక్క మారుతుంది. 8 జీబీ ఉండి, డబ్బు ఒక్కదానికే ఉంటే నేను ఎస్‌ఎస్‌డీకే ఓటేస్తాను. హార్డ్ డిస్క్ సెకనుకు వంద, నూట యాభై ఎంబీ ఇస్తే, మామూలు సాటా రకం ఎస్‌ఎస్‌డీ 500 దాటుతుంది, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం అయితే వేలల్లో. ఫ్రేములు పెరగవు. కానీ లోడింగ్ తెర ముందు కూర్చునే కాలం తగ్గుతుంది, ర్యామ్ నిండినా నత్తి మరీ అంత నరకంలా ఉండదు. 4 జీబీ ఉంటే మాత్రం ముందు ర్యామే.

గ్రాఫిక్స్ చిప్పే చాలనిచోట ఏ భాగం మార్చినా బూడిదలో పోసిన పన్నీరే. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు బోర్డుకే అతికి ఉంటుంది, దాదాపు అన్నింట్లో మార్చడం కుదరదు. ఆ డబ్బు తర్వాతి ల్యాప్‌టాప్‌కి దాచుకోవడం మేలు.

కొనే ముందు మీ ల్యాప్‌టాప్ ఒప్పుకుంటుందో లేదో

టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలోనే కింద "స్లాట్స్ యూజ్డ్", "ఫార్మ్ ఫ్యాక్టర్" ఉంటాయి. ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర "ఎస్ఓడిమ్" అని ఉంటే తీసి పెట్టుకునే స్టిక్. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే బోర్డు మీదే అతికించేసిన చిప్పులు. పల్చటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఎల్‌పీడీడీఆర్ రకం ఇలాగే వస్తుంది, పెంచే దారి లేదు. కొన్నింట్లో సగం అతికించి, సగానికి స్లాట్ ఇస్తారు. విండోస్ చెప్పే స్లాట్ లెక్క ఒక్కోసారి తప్పు కూడా కావచ్చు, మోడల్ నంబరుతో కంపెనీ మాన్యువల్ చూడండి. గరిష్ఠంగా ఎంత పడుతుందో అక్కడే ఉంటుంది.

డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు. మొదటిదానికి 260 పిన్నులు, రెండోదానికి 262, మధ్యలో గాడి కూడా వేరే చోట ఉంటుంది. వేగం విషయంలో ఎక్కువ ఖర్చు పెట్టొద్దు. 2666 స్టిక్ పక్కన 3200 వేస్తే రెండూ 2666లోనే నడుస్తాయి. ప్రాసెసర్ ఒప్పుకునే వేగాన్ని మించినది కొన్నా చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ వేగం ఆన్ చేసే వీలే ఉండదు.

పాత స్టిక్ మీద తెల్ల స్టిక్కర్ చదవండి. "8జీబీ 1ఆర్ఎక్స్8" అనో "1ఆర్ఎక్స్16" అనో ఉంటుంది. చివరి అంకె 16 అయితే తక్కువ చిప్పులతో చేసిన రకం, లోపల ఒకేసారి పనిచేసే బ్యాంకు గ్రూపులు సగమే ఉంటాయి, గేమ్‌లలో కొంచెం వెనకబడుతుంది. రెండూ దొరుకుతుంటే 8 ఉన్నదే తీసుకోండి. దీని కోసం నిద్ర మానుకోనక్కర్లేదు.

వేసేటప్పుడు

పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేసి, మూత తెరిచాక వీలైతే బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీయండి. ముందు ఏదైనా ఇనుప వస్తువును ముట్టుకుంటే ఒంట్లోని స్టాటిక్ పోతుంది. స్టిక్‌ని అంచుల దగ్గరే పట్టుకుని, గాడి కుదిరేలా చూసి, కాస్త ఏటవాలుగా లోపలికి నెట్టండి. బంగారు రంగు పిన్నులు దాదాపు కనిపించనంత లోపలికి వెళ్లాలి. అప్పుడు కిందికి నొక్కితే రెండు పక్కల క్లిప్పులూ టక్కుమని పట్టుకుంటాయి. పట్టుకోకపోతే బలం పెట్టొద్దు, తీసి మళ్లీ పెట్టండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగా ఉండిపోతే టెన్షన్ పడొద్దు. కొత్త ర్యామ్‌ని బోర్డు పరిచయం చేసుకుంటోంది, డీడీఆర్5లో అయితే కొన్ని నిమిషాలు కూడా పట్టొచ్చు. తెరుచుకున్నాక సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాములో ఛానల్ చూడండి. రాత్రి పడుకునే ముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి వదిలేస్తే స్టిక్‌లో లోపం ఉంటే పొద్దున్నకి తెలిసిపోతుంది. వెనక్కి పంపే గడువులోగా ఈ పని చేయాలి.

మా మేనల్లుడి సంగతి: కొలిస్తే 7.8లో 7.3 నిండి ఉంది, నత్తి కొట్టినప్పుడల్లా డిస్క్ గ్రాఫ్ వంద తాకుతోంది. లోపల ఒకే 8 స్టిక్, పక్క స్లాట్ ఖాళీ, కార్డు జీటీఎక్స్ 1650. పదహారు ఆర్డర్ ఆపించి ఎనిమిది వేయించాను. సగటు 52 నుంచి 57కి పెరిగింది, అంతే. "ఐదేనా మామయ్యా?" అన్నాడు మొదట. ఆ సాయంత్రమే మళ్లీ ఫోన్ చేసి, బజారు వీధిలో గుర్రం మీద వెళ్తుంటే ఎప్పుడూ ఆగిపోయే మలుపు దగ్గర ఈసారి ఆగలేదని, నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి చూసుకున్నానని చెప్పాడు.